పాత కట్టడానికి ఏ లెన్సు?

పాత కట్టడాన్ని ఫొటో తీసేటప్పుడు లెన్సు మీద రెండు బరువులు పడతాయి. ఒకటి రాతి మీద ఉన్నదంతా పట్టుకోవాలి: ఉలి గాట్లు, రాళ్ల మధ్య అతుకులు, పగుళ్లు, శాసనాల అక్షరాలు, గార రాలిన చోట బయటపడ్డ ఇటుక. రెండోది రాతి చుట్టూ ఉన్నదాన్ని పట్టుకోవాలి: కిటికీలోంచి వాలే వెలుగు, మండపం లోపలి చీకటి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉన్న చోటు. మొదటి పనికి షార్ప్ లెన్సు కావాలని అందరూ ఒప్పుకుంటారు. రెండో పనికి సాఫ్ట్ ఫోకస్ లెన్సే తగినదని వందేళ్లకు పైగా ఒక వాదం ఉంది. అందులో ఎంత నిజముందో తేలాలంటే ఈ రెండు లెన్సుల లోపల కాంతి ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

బిందువు బిళ్లగా మారే తీరు

ఏ లెన్సూ బిందువును బిందువుగా చూపించలేదు. దూరాన ఉన్న సూదిమొనంత వెలుగు ఫిల్ము మీదికో సెన్సర్ మీదికో వచ్చేసరికి చిన్న బిళ్ల అవుతుంది. ఆ బిళ్ల ఎంత చిన్నదైతే లెన్సు అంత షార్ప్ అన్నట్టు. లెక్క వేసి చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్ మీద అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్ 0.006 మి.మీ. 50 మి.మీ. లెన్సుతో 20 మీటర్ల దూరం నుంచి గుడి గోడను తీస్తే బొమ్మ 400 రెట్లు చిన్నదవుతుంది. అప్పుడు ఒక పిక్సెల్ గోడ మీద 2.4 మి.మీ. మేర చోటును చూస్తుంది. శాసనంలో ఉలి గీత 5 మి.మీ. వెడల్పు ఉంటే దాని వంతుకు వచ్చేది రెండు పిక్సెళ్లు. లెన్సు వేసే బిళ్ల 0.03 మి.మీ. ఉందనుకుంటే, గోడ మీద అది 12 మి.మీ.తో సమానం. పక్కపక్క గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్కడ శాసనం ఉందని తెలుస్తుంది, చదవడం మాత్రం కుదరదు.

లెన్సు ఎంత మంచిదైనా దాటలేని హద్దు ఒకటుంది. అది వివర్తనం. సన్నని రంధ్రం గుండా పోయే కాంతి అంచుల దగ్గర పక్కలకు విచ్చుకుంటుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/8 దగ్గర ఆ బిళ్ల వ్యాసం సుమారు 0.011 మి.మీ., ఎఫ్/16 దగ్గర 0.021, ఎఫ్/64 దగ్గర 0.086 మి.మీ. కాబట్టి అపర్చర్ ఎంత మూస్తే, అంటే ఎఫ్ సంఖ్య పెంచి లెన్సు రంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే, అంత షార్ప్ అనే నమ్మకం సగం వరకే నిజం. మూస్తూ పోతే ముందున్న స్తంభమూ వెనకున్న గర్భగుడి ద్వారమూ రెండూ ఫోకస్‌లోకి వస్తాయి కానీ, ఒక దశ దాటాక మొత్తం బొమ్మ కొద్దికొద్దిగా మెత్తబడుతుంది. చిన్న సెన్సర్‌కు ఆ దశ త్వరగా వస్తుంది. పాతకాలపు 8×10 అంగుళాల ప్లేటుకు మాత్రం ఎఫ్/64 కూడా నష్టం కాదు. ఆ ప్లేటును పెద్దది చేయకుండా కాగితానికి ఆనించి అచ్చు తీసేవారు. 25 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే మామూలు కంటికి 0.07 మి.మీ. కంటే చిన్న తేడాలు ఎలాగూ కనిపించవు. 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ తదితరులు తమ బృందానికి 'గ్రూప్ ఎఫ్/64' అని పేరు పెట్టుకోగలిగారంటే వాళ్ల చేతుల్లో ఉన్నవి పెద్ద కెమెరాలు కాబట్టే. నేటి కెమెరా సెన్సర్ మీద అదే అపర్చర్ వాడితే ఒక్కో బిళ్ల పద్నాలుగు పిక్సెళ్ల వెడల్పుకు పాకుతుంది.

సాఫ్ట్ ఫోకస్ ఎలా పుడుతుంది

సాఫ్ట్ ఫోకస్ లెన్సును చెడ్డ లెన్సు అనుకోవడం పొరపాటు. అందులో ఒక లోపాన్ని తెలిసి, కొలత ప్రకారం మిగిల్చి ఉంచుతారు. గోళంలో ముక్కలా ఒంపు తిరిగిన గాజు, తన మధ్య భాగం గుండా వచ్చిన కిరణాలను ఒక చోట కలిపితే, అంచుల గుండా వచ్చినవాటిని దానికంటే దగ్గరగా కలుపుతుంది. దీన్ని గోళీయ విపథనం అంటారు. మామూలు లెన్సుల్లో వేర్వేరు ఒంపుల గాజులను జతచేసి ఈ తేడాను దాదాపు రద్దు చేస్తారు. సాఫ్ట్ ఫోకస్ లెన్సులో రద్దు చేయరు. ఫలితంగా మధ్య కిరణాలు పదునైన బొమ్మను గీస్తాయి, అంచు కిరణాలు దాని చుట్టూ పలుచటి వెలుగును పరుస్తాయి. మంచు పట్టిన రాత్రి వీధిదీపం చుట్టూ కనిపించే వలయం లాంటిది ఇది: దీపం దీపంగానే ఉంటుంది, చుట్టూ కాంతి ఊరుతుంది.

ఫోకస్ తప్పిన బొమ్మకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఫోకస్ తప్పితే పదునైన నడిబొమ్మ మిగలదు, ప్రతి బిందువూ సమానమైన వెలుగున్న బిళ్ల అయిపోతుంది. జపాన్ కళాకారుడు హిరోషి సుగిమోటో 1997లో మొదలుపెట్టిన 'ఆర్కిటెక్చర్' వరుసలో పేరున్న కట్టడాలను కావాలనే పూర్తిగా ఫోకస్ తప్పించి తీశాడు. వివరమంతా కరిగిపోయాక కూడా ఆకారం గుర్తుపట్టగలిగేలా నిలిచిందా లేదా అన్నది ఆయన పరీక్ష. అది వేరే ప్రయోగం. సాఫ్ట్ ఫోకస్ అని పిలిచే పద్ధతిలో వివరం పోదు, దాని మీద ఒక తెర పడుతుంది.

ఆ తెర మందం అపర్చర్ చేతిలో ఉంటుంది. గోళీయ విపథనం వల్ల కలిగే మసక, రంధ్రం వ్యాసపు ఘనాన్ని బట్టి మారుతుంది. రంధ్రం వ్యాసం సగమైతే, అంటే రెండు స్టాపులు మూస్తే, మసక ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎఫ్/4 దగ్గర కలలా కనిపించిన గోపురం ఎఫ్/8 దగ్గర మామూలు గోపురమే. ఇందులో ఇంకో చిక్కుంది. అంచు కిరణాలు ఆగిపోయేకొద్దీ పదునైన బొమ్మ ఏర్పడే చోటు కూడా కొంచెం వెనక్కి జరుగుతుంది. అందుకే ఇలాంటి లెన్సును పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూసి తీస్తే దెబ్బతింటారు. ఏ అపర్చర్‌లో తీయదలచారో దానిలోనే ఫోకస్ చేయాలి.

మెత్తదనాన్ని అపర్చర్‌కు అప్పజెప్పకుండా నేరుగా చేతిలోకి తీసుకోవాలని లెన్సు తయారీదారులు చాలా దారులు వెతికారు. 1866లో డాల్‌మేయర్ పేటెంట్ పొందిన పోర్ట్రెయిట్ లెన్సులో వెనక గాజును మరతిప్పి వదులు చేస్తే మసక పెరిగేది. 1896లో చిత్రకారుడు బెర్గ్‌హైమ్ కోరిక మీద డాల్‌మేయర్ కంపెనీయే డాల్‌మేయర్-బెర్గ్‌హైమ్ లెన్సు చేసింది. కొద్ది ఏళ్లకే బోస్టన్‌లో పింక్‌హామ్ అండ్ స్మిత్ అనే కళ్లజోళ్ల వ్యాపారులు సెమీ-అక్రొమాటిక్ లెన్సులు చేసి ఇచ్చారు. వాటిలో గోళీయ విపథనంతో పాటు రంగుల విపథనం కూడా కొంత మిగిల్చారు. అన్నిటికంటే తెలివైన ఏర్పాటు 1930ల మొదట్లో జర్మనీలో రోడెన్‌స్టాక్ అమ్మిన ఇమాగన్‌ది. దాని వెనక హైన్రిష్ క్యూన్ అనే ఫొటోగ్రాఫర్ ఏళ్ల తరబడి చేసిన ఆలోచన ఉంది. లెన్సు ముందు జల్లెడ లాంటి బిళ్ల పెడతారు. మధ్య పెద్ద రంధ్రం పదునైన బొమ్మను ఇస్తుంది, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలు అంచు కిరణాలను లోపలికి వదులుతాయి. ఆ చిన్న రంధ్రాలను తిప్పి తెరవవచ్చు, మూయవచ్చు. ఎంత పదునుకు ఎంత వెలుగు కలపాలో అలా నిర్ణయించుకోవచ్చు.

రికార్డు కోసం తీసినవాళ్లు

కట్టడాల ఫొటోగ్రఫీ కళగా కాక రికార్డుగా మొదలైంది. 1851లో ఫ్రాన్సు ప్రభుత్వపు చారిత్రక కట్టడాల కమిషన్ బాల్డూస్, బయార్, ల గ్రే, ల సెక్, మెస్త్రాల్ అనే అయిదుగురిని దేశం మీదికి పంపింది. బాగుచేయాల్సిన చర్చిలు, కోటలు, వంతెనలు ఏ స్థితిలో ఉన్నాయో తీసుకురమ్మంది. బయార్ గాజు ప్లేట్లు వాడాడు. మిగతావాళ్లు కాగితపు నెగటివ్‌లు వాడారు. కాగితంలోని నార అచ్చులోకి కూడా వచ్చేది, బొమ్మకు ఒక గరుకుతనం, మెత్తదనం అబ్బేవి. అది లెన్సు మెత్తదనం కాదన్నది గుర్తుంచుకోవాలి. లెన్సు చేరవేసిన వివరంలో కొంత కాగితం దగ్గర ఆగిపోయింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదే పని చేసిన మనిషి లినేయస్ ట్రైప్. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి, 1850ల చివర ప్రెసిడెన్సీకి అధికారిక ఫొటోగ్రాఫర్. మైనం పట్టించిన పెద్ద కాగితపు నెగటివ్‌ల మీద మదురై, తంజావూరు ఆలయాలను తీశాడు. 1858లో తంజావూరు పెద్దగుడి విమానం అధిష్ఠానం మీది శాసనాన్ని ముక్కలుగా తీసి, 21 అచ్చులను పక్కపక్కన అతికించి 19 అడుగులకు పైగా పొడవున్న ఒక్క బొమ్మ చేశాడు. ఆ పని దగ్గరగా చూడదగ్గది. గోడ వెంట కెమెరాను జరుపుతూ, ప్రతిసారీ అదే దూరం ఉంచుతూ, ముందు ముక్క ఆగిన చోటే తర్వాతి ముక్క మొదలయ్యేలా తీయాలి. ఎండ కోణం మారితే అక్షరాల నీడ మారుతుంది. చెక్కిన అక్షరం కనిపించేది దాని లోపలి నీడ వల్లే కాబట్టి, ఎదురుగా పడే ఎండలో శాసనం చదునుగా మారిపోతుంది, పక్క ఎండలో లేచి నిలబడుతుంది. ఇలాంటి చోట సాఫ్ట్ ఫోకస్ లెన్సు పెడితే గీత అంచున ఉన్న వెలుగు గీత లోపలి నీడలోకి కారి అక్షరాన్ని పూడ్చేస్తుంది.

అదే ఏడాది ట్రైప్ మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను కూడా తీశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తెప్పించిన పలకలవి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అమరావతి స్తూపం నుంచి కదిలిన ఆ రాళ్లు లండన్ చేరకముందు ఎలా ఉండేవో చూడాలనుకునే వారికి ఆ ఫొటోలు ఆధారం. తీసినప్పుడు అందంగా ఉందా లేదా అన్న ప్రశ్న పక్కకు జరిగి, ఏ రేకు విరిగింది, ఏ ముఖం చెక్కుచెదరకుండా ఉంది అన్న ప్రశ్న ముందుకొస్తుంది. దానికి బదులివ్వగలిగేది పదునే.

ఆ 1858లోనే జర్మనీలో ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే యువ ఇంజనీరు వెట్జ్‌లార్ చర్చి గోడను చేత్తో కొలుస్తూ పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. గోడ ఎక్కకుండా ఫొటోలోంచే కొలతలు తీయవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అప్పుడే పుట్టింది. 1885లో బెర్లిన్‌లో ప్రష్యా ప్రభుత్వం ఆయన ఆధ్వర్యంలో కొలత ఫొటోల సంస్థను నెలకొల్పింది. 1920 నాటికి అక్కడ సుమారు 20,000 ప్లేట్లు పోగయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాలను మళ్లీ నిలబెట్టేటప్పుడు వాటిలో కొన్ని పనికొచ్చాయి. ఈ పద్ధతిలో లెన్సుకు పదును ఒక్కటే చాలదు. సరళరేఖ సరళరేఖగానే రావాలి. అంచుల్లో గోడ ఉబ్బినట్టో నొక్కుకుపోయినట్టో వస్తే కొలత తప్పుతుంది.

ఈ వరుసలోనే హైదరాబాదు నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌ను చెప్పుకోవాలి. 1880ల్లో మధ్య భారతపు కట్టడాలను గాజు ప్లేట్ల మీద తీసిన అనుభవంతో ఆయన హైదరాబాదుకు వచ్చాడు. నగరం కట్టడాలు నూటపాతికేళ్ల కింద ఎలా ఉండేవో నేటివాళ్లు చూడగలుగుతున్నారంటే ఆయన స్టూడియో పుణ్యమే. 2019 మే నెలలో చార్మినారు మినారు నుంచి సున్నపు గచ్చు ముక్క ఒకటి రాలిపడింది. ఇలాంటప్పుడు పాత రూపంతో పోల్చి చూడడానికి కావలసింది గచ్చు పూల రేకులు లెక్కపెట్టగలిగే ఫొటో.

కళ కోసం తీసినవాళ్లు

1889లో పీటర్ హెన్రీ ఎమర్సన్ అనే ఇంగ్లండు ఫొటోగ్రాఫర్ ఒక పుస్తకంలో శరీరశాస్త్రం ఆధారంగా వాదన పెట్టాడు. కంటికి చూపు మధ్యలో చిన్న మేర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది, చుట్టూ ఉన్నదంతా మెత్తగా ఉంటుంది. ఫొటో కూడా అలాగే ఉంటే ప్రకృతికి దగ్గరగా ఉంటుందని ఆయన అన్నాడు. శరీరశాస్త్రం సరైనదే. రెటీనా మధ్యలోని అతి స్పష్టమైన చూపు రెండు డిగ్రీల చోటును మించదు. కానీ కట్టడం ముందు నిలబడ్డ మనిషి కన్ను ఒక చోట ఆగదు. పునాది నుంచి కలశం దాకా ఎక్కుతుంది, దిగుతుంది, స్తంభం నుంచి స్తంభానికి దాటుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ స్పష్టంగా చూస్తుంది. అచ్చు ముందు నిలబడ్డప్పుడూ అదే చేస్తుంది. ఫొటోగ్రాఫర్ ముందే మసకబెట్టిన మూలకు వెళ్లిన కన్ను అక్కడ ఏమీ దొరకక తిరిగొస్తుంది. ఒక ముఖాన్నో ఒక పడవనో చూపించే బొమ్మకు ఎమర్సన్ వాదన నప్పవచ్చు. తిరిగి చూడడానికే కట్టిన ఆలయానికి నప్పదు. ఆయనే ఆ తర్వాత కొద్దికాలానికి తన వాదంలో చాలా భాగాన్ని వెనక్కి తీసుకున్నాడు.

అయితే వాదం ఆయన్ను దాటి ముందుకు పోయింది. ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ పింక్‌హామ్ అండ్ స్మిత్ లెన్సులతో లండన్‌ను తీసి 1909లో పుస్తకం వేశాడు. ఆ బొమ్మల్లో సెయింట్ పాల్ చర్చి గోపురం పొగలోనూ ఆవిరిలోనూ తేలుతుంది. ఇక్కడ సాఫ్ట్ ఫోకస్ నెగ్గింది, దానికి కారణం కూడా స్పష్టం. లండన్ గాలిలో బొగ్గుపొగ నిజంగానే ఉంది. గోపురం దూరంగా, ఒకే నీడగా, లేత ఆకాశం ముందు ఉంది. పోగొట్టుకోవడానికి అక్కడ సన్నని వివరమే లేదు. లెన్సు ఉన్న పొగకు కాస్త పొగ కలిపింది.

ఫ్రెడరిక్ ఎవన్స్ మెట్లు

ఈ తగవును చేతల్లో తేల్చిన మనిషి ఫ్రెడరిక్ ఎచ్. ఎవన్స్ (1853–1943). లండన్‌లో పుస్తకాల అంగడి నడిపి, 1898లో దాన్ని వదిలేసి, ఇంగ్లండు, ఫ్రాన్సుల పెద్ద చర్చిల మీదే మనసు పెట్టాడు. న్యూయార్కు నుంచి స్టీగ్లిట్జ్ తెచ్చే 'కెమెరా వర్క్' పత్రిక 1903 అక్టోబరు సంచికను ప్రధానంగా ఆయన పనికి కేటాయించింది. సాఫ్ట్ ఫోకస్ అభిమానులు నిండిన ఆ పత్రిక బృందంలో ఎవన్స్ మాత్రం లెన్సును బాగా మూసి, చాలాసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి, నెగటివ్ మీద చెయ్యి పెట్టకుండా అచ్చు తీసేవాడు. అయినా ఆయన బొమ్మల్లో ఉన్నంత మెత్తదనం సాఫ్ట్ ఫోకస్ లెన్సులు పట్టినవాళ్లలో ఎక్కువమందికి అందలేదు.

1903లో వెల్స్ చర్చిలో తీసిన 'ఎ సీ ఆఫ్ స్టెప్స్' చూస్తే ఇదెలా సాధ్యమైందో తెలుస్తుంది. బొమ్మ కింది అంచు నుంచే రాతి మెట్లు మొదలవుతాయి. శతాబ్దాల పాదాల రాపిడికి ప్రతి మెట్టూ మధ్యలో గుంటపడింది. పైకి పోయేకొద్దీ మెట్లు రెండు పాయలవుతాయి. ఒక పాయ కుడివైపుకు విచ్చుకుంటూ పోయి, చర్చి గురువులు సమావేశమయ్యే మందిరం ద్వారం చేరుతుంది. మరో పాయ నేరుగా ఎక్కి, పదిహేనో శతాబ్దంలో కట్టిన వంతెన దారికి చేరుతుంది. కుడి పాయ ఒంపు తిరిగే చోట అరిగిన రాళ్లు అలల్లా ఒకదాని మీద ఒకటి లేస్తాయి. ఇప్పుడు ఆ మెట్ల అంచులను చూడాలి. ప్రతి అంచూ ఒక సన్నని వెలుగు గీత, దాని కింద లేత నీడ, గుంట మధ్యలో కొంచెం చిక్కటి నీడ. రాయి ఎంత అరిగిందో చెప్పేది ఆ నీడల మధ్య ఉన్న అతి చిన్న తేడా. లెన్సు అంచులను మసకబెట్టి ఉంటే ఆ తేడా పోయేది, మెట్లు మామూలు మెట్లయ్యేవి, ఆ అలలు పుట్టేవే కావు. బొమ్మలోని కవిత్వం అంతా రాయి అరుగుదల గురించిన కచ్చితమైన సమాచారం నుంచే వచ్చింది.

మరి మెత్తదనం ఎక్కడిది? కొంత వెలుగు నుంచి. చర్చి లోపలికి వచ్చే వెలుగు గోడల మీద పడి, తిరిగి, మళ్లీ పడి నలువైపుల నుంచి రాతిని తాకుతుంది కాబట్టి నీడలకు కటువైన అంచు ఉండదు. మిగతాది అచ్చు నుంచి. ఎవన్స్ ప్లాటినం అచ్చులు తీసేవాడు. వెండి అచ్చుల్లో బొమ్మ కాగితం మీద ఒక మెరిసే పొరలో కూర్చుంటుంది. ప్లాటినం అచ్చులో లోహపు కణాలు కాగితపు నారలోనే దిగి ఉంటాయి, పైన మెరుపు ఉండదు. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు చాలా ఎక్కువ, ఒక్కో మెట్టుకూ తేడా చాలా తక్కువ. పదును లెన్సుది, నెమ్మది కాగితానిది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్లాటినం దొరకడం కష్టమై, కాగితం ధర చుక్కలనంటాక ఆయన ఫొటోగ్రఫీనే దాదాపు మానుకున్నాడు. ఆయన కళలో కాగితం వాటా ఎంతో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

రాతిని బట్టి, వెలుగును బట్టి

సాఫ్ట్ ఫోకస్ లెన్సులో వెలుగు ఎప్పుడూ ప్రకాశమైన చోటు నుంచి చీకటి చోటుకే కారుతుంది. ఏ కట్టడానికి అది నప్పుతుందో చెప్పే సూత్రం ఇందులోనే ఉంది. తెల్లటి కట్టడం చిక్కటి చెట్ల ముందో, వానమబ్బు ముందో ఉంటే వెలుగు కట్టడం నుంచి బయటికి వ్యాపిస్తుంది, గోడ తానే వెలుగుతున్నట్టు ఉంటుంది. తెల్లవారుజాము వేళ సున్నం పూసిన గుమ్మటానికి ఇది అందాన్నిస్తుంది. నల్లటి కట్టడం లేత ఆకాశం ముందుంటే అంతా తిరగబడుతుంది. ఆకాశం శిల్పాల అంచులను కొరికేస్తుంది.

రామప్ప గుడి దీనికి మంచి ఉదాహరణ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ ఆలయంలో గోడలు ఎర్రటి ఇసుకరాయివి. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలు మాత్రం నున్నగా సానబట్టిన నల్లరాతివి. మదనిక కంఠహారంలోని పూసలు, కాలి అందె, వేలి ఉంగరం కనిపించేది ఆ నున్నదనం మీద మెరిసే సన్నని వెలుగు గీతల వల్లే. సాఫ్ట్ ఫోకస్‌తో తీస్తే ప్రతి మెరుపు చుట్టూ ఒక వలయం లేచి, పక్కనున్న నలుపును బూడిద రంగు చేస్తుంది. సాన కనిపించదు. వెనక ఆకాశం ఉంటే ఆ ఆకాశం కూడా బొమ్మ మీదికి పొంగుతుంది. మదనికలకు షార్ప్ లెన్సు తప్ప మరో మాట లేదు. అదే గుడి ఇసుకరాతి గోడను దూరం నుంచి, పొద్దువాలే వేళ, చెట్ల నేపథ్యంలో తీస్తే సాఫ్ట్ ఫోకస్ అంతగా చెడగొట్టదు.

లోపలి భాగాల్లో ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. చీకటి మండపంలో ఒక ద్వారం నుంచి ఎండ కొడుతుంటే, లెన్సులోని ప్రతి గాజు ముఖమూ కొంత కాంతిని వెనక్కి కొడుతుంది. పూత లేని గాజు ముఖం ఒక్కోటి 4 నుంచి 5 శాతం కాంతిని ప్రతిఫలిస్తుంది. 1902లో వచ్చిన టెస్సార్ లాంటి లెన్సులో గాలికి ఆనే ముఖాలు ఆరు, కాబట్టి కాంతిలో పావు వంతు దారి తప్పుతుంది. అందులో కొంత ఫిల్ము మీద పడి నీడలన్నిటినీ ఒకే రకంగా పాలిపోయేలా చేస్తుంది. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా పలుచటి పూతతో ఈ ప్రతిఫలనాన్ని బాగా తగ్గించే దారి కనుక్కున్నాడు. పాత లెన్సుల పాలిపోయిన బొమ్మను చాలామంది సాఫ్ట్ ఫోకస్ అనుకుంటారు. రెండింటికీ పోలిక లేదు. సాఫ్ట్ ఫోకస్ వెలుగు దాని మూలం చుట్టూనే ఉంటుంది, ఈ వెలుగు బొమ్మంతా పరుచుకుని నల్లదనాన్ని దోచుకుంటుంది. చీకటి మండపానికి దానివల్ల మేలు ఏమీ లేదు.

వేసవిలో బండరాతి కోటలను తీసేవారికి లెన్సుతో సంబంధం లేని మసక ఒకటి తగులుతుంది. కాగిన రాతి మీది గాలి పొరలు పొరలుగా లేస్తూ కిరణాలను వంచుతుంది. దూరం నుంచి పొడవాటి లెన్సుతో గోలకొండ బురుజును మిట్టమధ్యాహ్నం తీస్తే ఎంత ఖరీదైన లెన్సైనా గీతలు వణుకుతాయి. పొద్దున్నే వెళ్లడం, దగ్గరకు వెళ్లడం, ఈ రెండే మందులు.

ఎత్తైన కట్టడానికి లెన్సు పదునుతో పాటు అది పరిచే బొమ్మ వైశాల్యం కూడా చూసుకోవాలి. కెమెరాను పైకి ఎత్తితే గోడలు పైన ఒకదానివైపు ఒకటి వాలతాయి. కెమెరాను నిటారుగా ఉంచి లెన్సును మాత్రమే పైకి జరిపితే గోడలు నిలువుగా ఉంటాయి. పాత పారిస్ వీధులను ఏళ్ల తరబడి తీసిన అట్జే ఇలాగే జరిపేవాడు. ఆయన లెన్సు అంత వైశాల్యానికి చాలక చాలా బొమ్మల పై మూలలు నల్లగా, ఒంపు తిరిగి ఉంటాయి. చిన్న కెమెరాలకు ఇలా జరిపే లెన్సును మొదట 1962లో నికాన్ తెచ్చింది. వాలిన గోడలను కంప్యూటర్‌లో నిలబెట్టవచ్చు కానీ, అప్పుడు పై భాగం సాగుతుంది. గోపురం శిఖరంలోని వివరమే ముందు పలచబడుతుంది.

తర్వాత కలపగలిగేది, కలపలేనిది

ఇప్పటి ఫొటోగ్రాఫర్ ముందు ఇంకో దారి ఉంది: షార్ప్‌గా తీసి, మెత్తదనాన్ని కంప్యూటర్‌లో చేర్చడం. పాత కట్టడం విషయంలో ఈ దారే మేలు. లెన్సు పట్టుకోని ఉలి గీతను ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా తిరిగి తేలేదు. ఊహించి గీయగలదు, కానీ ఊహించిన శాసనం శాసనం కాదు. పట్టుకున్న వివరం మీద తెర కప్పడం మాత్రం ఎప్పుడైనా చేయవచ్చు.

అయినా సాఫ్ట్ ఫోకస్ లెన్సు చేసే పనిని సాఫ్ట్‌వేరు పూర్తిగా చేయలేని సందర్భం ఒకటుంది. మండపం ద్వారం లోపలి స్తంభం కంటే వెయ్యి రెట్లు ప్రకాశంగా ఉందనుకుందాం. సెన్సర్ వంద రెట్ల దగ్గరే నిండిపోయేలా ఎక్స్‌పోజర్ ఇస్తే ద్వారం తెల్లటి మచ్చగా నమోదవుతుంది. లెన్సు లోపల వలయం వెయ్యి రెట్ల వెలుగు నుంచి పుడుతుంది, సాఫ్ట్‌వేరుకు దొరికేది వంద రెట్లే. అందుకే కంప్యూటర్ వలయాలు ద్వారాల దగ్గర బలహీనంగా, గోడల మీద అనవసరంగా ఎక్కువగా ఉంటాయి. దీనికి విరుగుడు, కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి వేర్వేరు ఎక్స్‌పోజర్లతో నాలుగైదు ఫొటోలు తీసి, ద్వారం అసలు వెలుగు కూడా అందులోకి వచ్చేలా కలపడం. కలిపిన తర్వాత, రంగులూ కాంట్రాస్టూ దిద్దకముందే, మసకను చేర్చాలి. దిద్దిన తర్వాత చేరిస్తే వెలుగుల నిష్పత్తి అప్పటికే మారిపోయి ఉంటుంది.

లెన్సు ముందు తగిలించే డిఫ్యూజన్ ఫిల్టర్లు ఈ రెండు దారులకూ మధ్యలో ఉంటాయి. జైస్ సాఫ్టార్ లాంటి వాటి మీద చిన్న చిన్న బొడిపెలుంటాయి. బొడిపెల గుండా పోయిన కిరణాలు చెదురుతాయి, వాటి మధ్య ఖాళీల గుండా పోయినవి పదునుగా నిలుస్తాయి. వలయం అసలు వెలుగు నుంచే పుడుతుంది కాబట్టి ద్వారాల దగ్గర సాఫ్ట్‌వేరు కంటే నమ్మకంగా ఉంటుంది. సాఫ్ట్ ఫోకస్ లెన్సులో మాదిరిగా అపర్చర్ మూస్తే మాయమూ కాదు, ఎఫ్/8 దగ్గర కూడా పని చేస్తుంది. ఫిల్టర్ తీసి ఒకటి, పెట్టి ఒకటి, కెమెరా కదపకుండా రెండు ఫొటోలు తీసుకోవడం కట్టడాల పనిలో మంచి అలవాటు. ఫిల్టర్ లేనిది రికార్డులోకి పోతుంది, ఉన్నది గోడకు వేలాడే అచ్చు కోసం.